ఆవుల బీడులో రోము

పారిస్ లూవ్ర్ మ్యూజియంలో క్లోద్ లొరేన్ 1636లో వేసిన బొమ్మ ఒకటి ఉంది. పేరు 'కాంపో వచ్చీనో'. ఇటాలియన్‌లో ఆ మాటకి ఆవుల మైదానం అని అర్థం. మన మాటల్లో పశువుల బీడు. సిసిరో ఉపన్యాసాలిచ్చిన, సీజర్ శవానికి చితి పేర్చిన రోమన్ ఫోరం ఉన్న చోటు అదే. 17వ శతాబ్దం నాటికి అక్కడ నిలువెత్తు మట్టి పేరుకుపోయింది. సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం నడుం దాకా పూడిపోయింది. కొన్ని గుళ్ళ స్తంభాలైతే పైభాగాలు మాత్రమే బయటపెట్టుకుని నిలబడ్డాయి. వాటి మధ్య పశువుల సంత జరిగేది. సంతకొచ్చినవాళ్ళు ఎడ్లకి నీళ్ళు పెట్టి, తోరణం నీడలో కాసేపు నడుం వాల్చి, బేరం తెగాక ఇళ్ళకి పోయేవాళ్ళు.

బొమ్మలో ఉన్నది ఇంతే. విరిగిన స్తంభాలు, కబుర్లు చెప్పుకునే మనుషులు, దూరంగా కొలోసియం, అన్నిటి మీదా పరుచుకున్న ఎండ. ఏ యుద్ధమూ లేదు, ఏ పురాణమూ లేదు. ఇలాంటి బొమ్మల కోసం యూరప్ ధనవంతులు దాదాపు రెండొందల ఏళ్ళు ఎగబడ్డారు. వాళ్ళ తోటల్ని వీటిలా మార్చుకున్నారు. వాళ్ళ చిత్రకారులు ఓడలెక్కి తాహితీకి, మద్రాసుకి, కాశీకి వెళ్ళినప్పుడు పెట్టెలో రంగులతోపాటు ఈ బొమ్మల కూర్పుని కూడా పట్టుకెళ్ళారు. అక్కడేం కనపడ్డా ముందు ఈ కూర్పులో ఇముడుతుందా అని చూశారు. ఇమడనివి ఏమయ్యాయన్నదే నాకు ఆసక్తి.

శిథిలాన్ని అందంగా చూడటం సహజమైన సంగతేం కాదు, నేర్చుకున్నది. రోములో ఉన్నవాళ్ళకి శిథిలం అంటే వెయ్యేళ్ళపాటు రాళ్ళ గని. 1349 భూకంపంలో కొలోసియం దక్షిణపు గోడ కూలితే ఆ రాళ్ళతో మేడలు, చర్చిలు కట్టుకున్నారు. పాలరాతి విగ్రహాల్ని సున్నపు బట్టీల్లో వేసి కాల్చారు. పాలరాయి కాలిస్తే మంచి సున్నం వస్తుంది మరి. ఇది మనకీ కొత్త కథ కాదు. 18వ శతాబ్దం చివర్లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బ దగ్గరికి వెళ్ళేసరికి అప్పటికే జమీందారు మనుషులు దాన్ని తవ్వేస్తున్నారు, స్తూపం పలకలు కొత్త కట్టడాల్లోకి చేరిపోతున్నాయి. మెకంజీ 1816లో తిరిగొచ్చి, మిగిలినవాటికి బొమ్మలు గీయించబట్టి మనకి ఆ మాత్రమైనా తెలిసింది.

రాళ్ళ గనిని రాళ్ళ గనిగా కాక మరోలా చూసినవాళ్ళలో ముందువరసలో ఉన్నది ఉత్తరాది నుంచి వచ్చిన పరాయివాళ్ళు. డచ్చి చిత్రకారుడు మార్టెన్ వాన్ హేమ్స్‌కెర్క్ 1530లలో రోముకొచ్చి నోటుపుస్తకాల నిండా శిథిలాలు గీసుకుని వెళ్ళాడు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 1553లో, తన బొమ్మ తానే వేసుకుంటూ వెనక కొలోసియం పెట్టాడు. దాని ముందు కూర్చుని గీసుకుంటున్న ఓ కుర్రాడు కూడా ఉంటాడు. అదీ తనే, వయసులో ఉన్నప్పటి తను. 'నేను అక్కడికి వెళ్ళొచ్చాను' అని చెప్పుకోవడానికి శిథిలం ముందు నిలబడి బొమ్మ దిగడం అప్పటికే మొదలైందన్నమాట.

క్లోద్ కూడా పరాయివాడే. 1600 ప్రాంతంలో లొరేన్ రాజ్యంలోని చిన్న ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే అమ్మానాన్నలు పోయారు. మిఠాయిలు, రొట్టెలు చేసే పని నేర్చుకున్నాడని, రోములో అగోస్తినో తాసీ అనే చిత్రకారుడి ఇంట్లో వంటపనికి కుదిరి అక్కడే బొమ్మలు నేర్చాడని ఆయన్ని ఎరిగిన జర్మన్ చిత్రకారుడు సాండ్రార్ట్ రాశాడు. తెల్లారకముందే ఊరి బయట పొలాల్లోకి పోయి పడుకుని, వెలుగు ఎలా రంగు మారుతోందో చూసి, ఆ రంగులు కలుపుకుని ఇంటికి పరిగెత్తేవాడట. మనుషుల్ని గీయడం మాత్రం ఆయనకి పెద్దగా రాలేదు. బొమ్మలో ప్రకృతికే డబ్బు తీసుకుంటాను, మనుషుల్ని కొసరుగా ఇస్తాను అనేవాడని చెబుతారు. జోకుగానే అన్నా ఆ కొసరు మాట దగ్గర నేను ఆగిపోతాను. తర్వాత దాని అవసరం పడుతుంది.

ఆయన కూర్పు చూడగానే పట్టేయొచ్చు. ఒక పక్కన తెర పట్టినట్టు నల్లటి పెద్ద చెట్టు. రెండో పక్కన కాస్త వెనగ్గా విరిగిన గుడి. మధ్యలో వంపు తిరిగిన నీళ్ళు, ఒక వంతెన. దూరాన పలచబడిపోయే నీలం కొండలు. చూసేవాడి కంటికి ఎదురుగా పొద్దు. ముందు భాగంలో ఒకరిద్దరు కాపరులు, నాలుగు మేకలు. నవ్వకండి గానీ, చిన్నప్పుడు డ్రాయింగ్ పుస్తకంలో మనందరం వేసిన 'సీనరీ' ఉంది చూశారూ, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, అది కూడా ఇలాంటి సూత్రమే. ఎవరు వేసినా వస్తుంది. ఏ ఊరనేది ముఖ్యం కాదు.

క్లోద్‌కి గిరాకీ ఎంతుండేదంటే బతికుండగానే నకిలీలు మొదలయ్యాయి. అందుకని తను వేసిన ప్రతి బొమ్మకీ ఒక చిన్న నకలు గీసి పుస్తకంలో దాచుకున్నాడు. దాని పేరే 'లీబెర్ వెరితాతిస్', సత్యగ్రంథం. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆయన పోషకుల్లో స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ ఉన్నాడు, ఎనిమిదో అర్బన్ పోపు ఉన్నాడు. ఈ పోపుగారే పాంథియన్ వసారాలోని ప్రాచీన కాలపు కంచు దూలాల్ని పీకించి ఫిరంగులు పోయించినవాడు. ఆయన ఇంటిపేరు బార్బెరీని. బార్బేరియన్లు చెయ్యలేని పని బార్బెరీనీలు చేశారని రోము జనం ఎగతాళి చేశారు. పగలు శిథిలాన్ని కరిగించి, సాయంత్రం శిథిలాల బొమ్మ కొనుక్కోవడంలో ఆయనకి విరుద్ధమేం కనిపించినట్టు లేదు.

ఇప్పుడు క్లోద్ బొమ్మల్లోని ఖాళీ సంగతి. రోము నగరం చుట్టూ ఉన్న మైదానాన్ని కంపాన్య అంటారు. ఆయన పడుకుని వెలుగు చూసిన పొలాలు అవే. ఒక మహానగరం గోడ దాటగానే ఊళ్ళు ఉండాలి, తోటలుండాలి, జనం ఉండాలి. కంపాన్యలో మైళ్ళకి మైళ్ళు ఏమీ ఉండేది కాదు. పాత నీటికాలవల తోరణాలు, కోటబురుజులు, సమాధులు, గడ్డి. ఆ నిశ్శబ్దాన్నే కళాప్రియులు స్వర్ణయుగం అన్నారు, ఆర్కేడియా అన్నారు. నిజానికి అది జ్వరాల నేల. మలేరియా అనే మాటే ఇటాలియన్ది, చెడ్డ గాలి అని అర్థం. భూమంతా కొద్దిమంది ప్రభువుల చేతుల్లో, చర్చి సంస్థల చేతుల్లో పెద్ద పెద్ద కమతాలుగా ఉండేది. వాళ్ళు మేడల్లో నగరంలో ఉండేవాళ్ళు. మురుగు తీయించి సాగు చేయించడం కంటే గడ్డి పెంచి మేతకివ్వడం వాళ్ళకి సుఖం. చలికాలం అబ్రుత్సీ కొండల నుంచి కాపరులు మందల్ని తోలుకొచ్చేవాళ్ళు, ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. వేసవిలో గోధుమ కోతలకి కొండల మీంచి కూలీలు గుంపులుగా దిగేవాళ్ళు. దోమల కాలంలో ఆరుబయట పడుకునేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఇంటికి తీసుకెళ్ళడానికి కూలి డబ్బుతోపాటు జ్వరమూ మిగిలేది.

క్లోద్ కాపరుల్లో ఎవరూ వణకరు. పిల్లనగ్రోవి వాయిస్తారు.

ఆయన అబద్ధం గీశాడని అనడం నా ఉద్దేశం కాదు. ఆ వెలుగు నిజం. ఆ పొద్దుటిపూట మంచూ నిజమే, నేషనల్ గ్యాలరీలోని ఆయన ఓడరేవు బొమ్మల ముందు నిలబడితే కళ్ళు చికిలించాలనిపిస్తుంది. కానీ ఆ ఖాళీకి కారణం కాలమహిమ అన్నట్టుగా, రోము పోయింది కాబట్టి మనుషులూ పోయారన్నట్టుగా బొమ్మ నమ్మిస్తుంది. విరిగిన స్తంభం చేసే పని అదే. దాన్ని పక్కన పెడితే చాలు, ఎదురుగా ఉన్న లేమికి ఎవరూ బాధ్యులు కారు.

కంపాన్యకీ మనకీ ఉన్న ఒక సంబంధం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ మరుసటి ఏడు రోములో గ్రాసీ, ఆయన సహచరులు మనుషులకి మలేరియా అంటించేది అనాఫిలిస్ దోమేనని తేల్చారు. ఘనత ఎవరిదని రాస్‌కీ గ్రాసీకీ పెద్ద తగువు, అది వేరే కథ. 1900 వేసవిలో సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు ఓస్తియా దగ్గర కంపాన్యలో కిటికీలకి జాలీలు కొట్టిన గుడిసె వేసుకుని, పొద్దుగూకేసరికి లోపలికి చేరి, తెల్లారాక బయటికొస్తూ ఆ కాలమంతా గడిపారు. ఇద్దరికీ జ్వరం రాలేదు. క్లోద్‌కి ఇష్టమైన రెండు వేళలు, పొద్దుపొడుపూ పొద్దుగుంకూ, వాళ్ళకి తలుపులు తీసే, మూసే వేళలయ్యాయి. బేగంపేట పాత విమానాశ్రయం పక్క నుంచి వెళ్ళేటప్పుడు నాకు ఆ బంగారు రంగు సాయంత్రాలు గుర్తుకురావడం అందుకే.

18వ శతాబ్దంలో ఇంగ్లండు దొరబిడ్డలు చదువు పూర్తయ్యాక ఇటలీ చుట్టి రావడం ఆనవాయితీ అయింది. గ్రాండ్ టూర్ అనేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు గుర్తుగా శిథిలాల బొమ్మ తెచ్చుకోవాలి. రోములో దీనికొక పరిశ్రమే లేచింది. జొవాన్ని పావొలో పనీని వేర్వేరు పేటల్లో ఉన్న పాంథియన్నీ, ట్రేజన్ స్తంభాన్నీ, కొలోసియాన్నీ ఒక్క చట్రంలోకి లాక్కొచ్చి పెట్టేవాడు. ఈ రకాన్ని 'కప్రీచో' అన్నారు, చిత్తం వచ్చినట్టు అల్లినది అని. పిరనేసి రాగిరేకుల మీద చెక్కిన రోము దృశ్యాలు నూట ముప్పైకి పైగా ఉన్నాయి. వాటిలో గోడలు రాక్షసుల గోడలు, వాటి కింద మనుషులు చీమలు. అవి చూసి పెరిగిన గేటే రోము వచ్చి కరకల్లా స్నానశాలలు చూసి ఊహించుకున్నంత లేవనుకున్నాడు. నాకు మాత్రం పనీని మీద అంత గౌరవం కలగదు, దుకాణం అలమరా చూసినట్టుంటుంది. పిరనేసి వేరు. ఆయన శిథిలాలు ఎవర్నీ ఓదార్చవు.

ఇంగ్లండుకి చేరాక ఈ అలవాటు తమాషా రూపాలెత్తింది. దృశ్యం బొమ్మలా ఉంటేనే దృశ్యం. దాన్ని వాళ్ళు పిక్చరెస్క్ అన్నారు. క్లోద్ పేరు మీద ఒక అద్దం అమ్మేవాళ్ళు. కాస్త ఉబ్బెత్తుగా, నల్లరంగు వేసి, అరచేతిలో పట్టేంత ఉంటుంది. చూడవలసిన కొండకి వీపు తిప్పి నిలబడి, అద్దంలో ఆ కొండని చూడాలి. రంగులన్నీ మెత్తబడి క్లోద్ బొమ్మలా కనపడుతుంది. ఫోనులో ఫిల్టర్ వేసుకోవడం లాంటిదే. కవి థామస్ గ్రే 1769లో సరస్సుల ప్రాంతంలో ఇలా అద్దం చూసుకుంటూ నడుస్తూ బురద దారిలో వెల్లకిలా పడ్డాడు. చేతి కణుపులు దోక్కుపోయాయి గానీ అద్దం పగల్లేదని ఆయనే రాసుకున్నాడు. విలియం గిల్పిన్ అనే మతగురువు 1782లో అచ్చేసిన పుస్తకంలో టింటర్న్ మఠం శిథిలాల్ని మెచ్చుకుంటూనే, ఆ త్రికోణపు గోడలు మరీ తిన్నగా ఉండి కంటికి అడ్డొస్తున్నాయనీ, ఎవరైనా సుత్తి పట్టుకుని తెలివిగా నాలుగు దెబ్బలేస్తే బాగుండుననీ సెలవిచ్చాడు. అదే మఠం గోడల్లో తలదాచుకుంటున్న బిచ్చగాళ్ళ గురించీ రాశాడు, అదీ ఆయన నిజాయితీయే. సొంతానికి శిథిలం లేని జమీందార్లు కొత్త శిథిలాలు కట్టించుకున్నారు. 1740లలో హాగ్లీ తోటలో శాండర్సన్ మిల్లర్ కట్టిన విరిగిన కోట అలాంటిదే, అది ఎన్నడూ విరగని కోట. వీటన్నిటికీ పరాకాష్ఠ వర్జీనియా వాటర్. లిబియాలోని లెప్టిస్ మాగ్నా అనే రోమన్ నగరం నుంచి 1818లో స్తంభాల్ని ఓడకెత్తించి ఇంగ్లండు తెచ్చారు. కొన్నాళ్ళు బ్రిటిష్ మ్యూజియం ముంగిట్లో పడున్నాక, 1820లలో రాజుగారి తోటలో చెరువొడ్డున వాటిని శిథిలంలా కనిపించేలా మళ్ళీ పేర్చారు. అసలు శిథిలాన్ని విప్పి, సముద్రం దాటించి, నకిలీ శిథిలంగా నిలబెట్టడం!

ఫ్రాన్సులో ఉబేర్ రొబేర్ కథ ఇంతకంటే లోతుగా తగులుతుంది. ఆయన పదకొండేళ్ళు ఇటలీలో ఉండి 1765లో పారిస్ తిరిగొచ్చాడు. శిథిలాల రొబేర్ అని పేరు పడింది. ఆయన బొమ్మల్లో విజయతోరణం కింద చాకలివాళ్ళు బట్టలారేస్తారు, విగ్రహం మెడకి తాడు కట్టి పిల్లలు ఊగుతారు. 1767 ప్రదర్శన మీద రాస్తూ దిదెరో ఈ బొమ్మల్ని ఆకాశానికెత్తి, ఒక్క తప్పు పట్టాడు. మనుషులు ఎక్కువయ్యారు, ముప్పాతిక మందిని చెరిపేయమన్నాడు. శిథిలం ముందు ఏకాంతం ఉండాలి, తన చావు తనకి గుర్తుకురావాలి. ఆయన కోరింది అది. వాదన గొప్పదే, నేను మాత్రం రొబేర్ పక్షాన. ఆ చాకలివాళ్ళే ఆయన బొమ్మలకి ప్రాణం. దిదెరో పీకెయ్యమన్నది కూడా కొసరునే.

తర్వాత రొబేర్‌కి శిథిలాల కోసం రోము వెళ్ళాల్సిన పని లేకపోయింది. 1789 జులైలో బాస్తీ కోటని జనం పడగొడుతుంటే అక్కడే నిలబడి చిత్రించాడు. 1793లో విప్లవ ప్రభుత్వం ఆయన్నే జైల్లో వేసింది. అక్కడ కాన్వాసు కరువైతే అన్నం తినే పళ్ళేల మీద బొమ్మలు వేశాడు. రొబెస్పియర్ పడిపోయాక బయటపడ్డాడు. రాజుల సొత్తుగా ఉన్న లూవ్ర్ ప్రజల మ్యూజియంగా మారుతుంటే దాని నిర్వాహకుల్లో ఒకడిగా పనిచేశాడు. 1796లో రెండు బొమ్మలు పక్కపక్కనే ప్రదర్శించాడు. ఒకటి లూవ్ర్ పెద్ద గ్యాలరీని ఎలా తీర్చిదిద్దాలో చూపించే నమూనా, పైకప్పులో అద్దాలు, గోడల నిండా పటాలు. రెండోది అదే గ్యాలరీ కూలిపోయాక. కప్పు లేదు, పైన ఆకాశం, గడ్డి మొలిచింది. కొందరు మంట వేసుకుంటున్నారు. చెక్కుచెదరకుండా నిలిచిన అపోలో విగ్రహం ముందు ఒక కుర్రాడు కూర్చుని గీసుకుంటున్నాడు. ఇంకా పూర్తిగా తయారే కాని భవనాన్ని శిథిలంగా ఊహించడం కేవలం సరదా అనుకోను. మూడేళ్ళ కింద గిలటిన్ చప్పుడు విన్నవాడు వేసిన బొమ్మ అది.

విలియం హాజెస్ దగ్గరికొద్దాం. నేను ఇంత దూరం లాక్కొచ్చింది ఈయన కోసమే. లండన్‌లో 1744లో పుట్టాడు, కమ్మరి కొడుకు. రిచర్డ్ విల్సన్ దగ్గర శిష్యరికం చేశాడు. విల్సన్ వేల్స్ వాడు, ఏడేళ్ళు ఇటలీలో ఉండి క్లోద్ పద్ధతి ఒంటబట్టించుకుని, స్వదేశం వచ్చాక వేల్స్ కొండల్ని కూడా కంపాన్యలా వేశాడు. గురువు వేల్స్‌ని ఇటలీ చేస్తే, శిష్యుడికి ఇంకా పెద్ద పని పడింది. 1772లో కెప్టెన్ కుక్ రెండో యాత్రలో రెజల్యూషన్ ఓడ మీద చిత్రకారుడిగా వెళ్ళాడు. మూడేళ్ళ ప్రయాణం. అంటార్కిటికా మంచుకొండలు, న్యూజీలాండ్ అడవులు, తాహితీ, ఈస్టర్ దీవి.

ఆ ప్రయాణంలో ఆయన గీసినవాటిలో కొన్ని దిగ్భ్రమ కలిగిస్తాయి. ఎవరూ అంతకుముందు చూడని వెలుగుని ఓడ మీద నిలబడి అప్పటికప్పుడు పట్టుకున్నాడు. న్యూజీలాండ్‌లోని పికర్స్‌గిల్ రేవు బొమ్మని 2004లో ఎక్స్‌రే తీస్తే, పచ్చటి అడవి అడుగున మంచుకొండల బొమ్మ ఒకటి బయటపడింది. మంచు మీద అడవి వేసేశాడు. కాన్వాసు మిగుల్చుకోవడానికో, మరెందుకో. క్లోద్ కూర్పులో మంచుకి చోటు లేదన్నది మాత్రం నిజం. చెట్టేది? గుడేది? కాపరేడీ?

ఇంటికొచ్చాక నౌకాదళం వాళ్ళ కోసం వేసిన పెద్ద బొమ్మల్లో కూర్పు మళ్ళీ పైచేయి అయింది. 1776 ప్రాంతంలో వేసిన తాహితీ బొమ్మ ఇప్పుడు గ్రీనిచ్‌లో ఉంది. కొండలు, మధ్యలో నది, ఇటలీ ఎండ. ముందు నీళ్ళలో స్నానం చేస్తున్న ఆడవాళ్ళు, అచ్చం పురాణాల్లోని జలకన్యల్లా. ఒకామె పిరుదుల మీద పచ్చబొట్టు. విరిగిన స్తంభం ఉండవలసిన చోట చెక్కిన కొయ్య విగ్రహం. కుడివైపు ఎత్తయిన మంచె మీద గుడ్డ చుట్టిన శవం. అంతకుముందే బూగన్‌విల్ ఆ దీవికి వీనస్ పుట్టిన చోటు పేరు పెట్టేశాడు, జోసెఫ్ బ్యాంక్స్ ఆర్కేడియా అన్నాడు. హాజెస్ దాన్ని చూపించాడు, స్వర్గంలోనూ చావు ఉంటుందనే పాత లాటిన్ మాటతో సహా. ఈస్టర్ దీవి విగ్రహాల బొమ్మలోనైతే ఇంకా తేటతెల్లం. మబ్బుల కింద నిలబడ్డ రాతిమనుషులు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక పుర్రె, ఎముకలు. పూసాఁ బొమ్మలో కాపరులు సమాధి చుట్టూ చేరి చదువుకునే దృశ్యాన్ని తెలిసినవాళ్ళెవరికైనా అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. ఇక్కడ చావుని కాలానికే వదిలేశారు. ఓడలు తెచ్చిన రోగాల గురించి కుక్ తన దినచర్యలో బాధపడ్డాడు. చిత్రానికి ఆ బాధ లేదు.

1780లో హాజెస్ మద్రాసులో దిగాడు. సరిగ్గా ఆ వేసవిలోనే హైదరలీ కర్ణాటక మీద విరుచుకుపడ్డాడు. ఊరు దాటి వెళ్ళడానికి వీల్లేక చిత్రకారుడు ఏడాది దాకా అక్కడే చిక్కుబడ్డాడు. పల్లెలు వదిలి మద్రాసులోకి పరిగెత్తుకొస్తున్న జనాన్ని కళ్ళారా చూశాడు. చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, పిల్లల్ని ఎక్కించిన గుర్రాల్ని నడిపించుకుంటూ తండ్రులు, మిగిలిన సామాను బండికెత్తి దాని మీద కూలబడ్డవాళ్ళు, దుమ్ములో కాళ్ళీడుస్తున్న ఎడ్లు. ఇదంతా 1793లో అచ్చేసిన తన భారత యాత్రా గ్రంథంలో ఆయనే రాశాడు. బాగా రాశాడు. తర్వాత బెంగాలు వెళ్ళి వారెన్ హేస్టింగ్స్ ఆశ్రయంలో చేరాడు. 1781 ఆగస్టులో హేస్టింగ్స్ చైత్‌సింగ్ మహారాజుని బంధించబోయి కాశీలో తిరుగుబాటు తెచ్చుకున్నప్పుడు హాజెస్ ఆయన పక్కనే ఉన్నాడు, ఆయనతోపాటు చునార్ కోటకి పారిపోయాడు. అప్పటికి బెంగాల్ కరువు దాటి పట్టుమని పదేళ్ళే. మూడోవంతు జనం పోయారని ఆ కరువు లెక్క రాసింది హేస్టింగ్సే.

ఇన్ని చూసినవాడు 1785 నుంచి 1788 దాకా అచ్చేసిన 48 భారత దృశ్యాల్లో ఏం చూపించాడు? ఎక్కువగా కోటలు, సమాధులు, మసీదులు, ఘాట్లు. గోడల మీద మొలిచిన మొక్కలు. ముందు ఒకరిద్దరు మనుషులు, కొసరు. కొండ మీద కోట కంపాన్య బురుజులా, రావిచెట్టు క్లోద్ చెట్టులా నిలబడతాయి. నిన్నటిదాకా యుద్ధం జరిగిన నేల వెయ్యేళ్ళుగా ఇలాగే నిద్రపోతున్నట్టుంటుంది. చేత్తో రాసినప్పుడు కనిపించిన ఎడ్లబండి, కుంచె పట్టేసరికి కనిపించదు. ఒకే మనిషి, ఒకే కళ్ళు. ఇది ఆయన ఒక్కడి లోపం అనుకోను. వాక్యానికి క్లోద్ సూత్రం అడ్డు రాలేదు, కాన్వాసుకి వచ్చింది.

పైగా హాజెస్ తన కాలం వాళ్ళకంటే విశాలంగా ఆలోచించినవాడు. గ్రీకు కొలతలతోనే ప్రపంచంలోని కట్టడాలన్నిటినీ కొలవడం తప్పని, హిందూ, ముస్లిం నిర్మాణాలకి వాటి సొంత మూలాలు ఉన్నాయని 1787లో ఒక వ్యాసం అచ్చేశాడు. అంతకు కొద్దిగా ముందే జాషువా రేనాల్డ్స్ రాయల్ అకాడమీ ఉపన్యాసంలో ఈ బొమ్మల్ని ప్రస్తావించి, మన వాస్తుశిల్పులు వీటిని అనుకరించక్కర్లేదు గానీ కొన్ని మెళకువలు తీసుకోవచ్చన్నాడు. తీసుకున్నారు కూడా. హాజెస్ వెనకాలే వచ్చిన థామస్ డేనియల్, అతని అన్నకొడుకు విలియం కెమెరా అబ్‌స్క్యూరా పెట్టుకుని దేశమంతా తిరిగి 144 బొమ్మలు అచ్చేశారు. 1805 ప్రాంతంలో గ్లాస్టర్‌షైర్‌లో సెజింకోట్ అనే భవంతికి గుమ్మటం లేచింది, తోటలో సూర్యుడి గుడి, నందులు వెలిశాయి. సలహా ఇచ్చింది థామస్ డేనియల్. ఈ దేశం నుంచి డబ్బు సంపాదించుకెళ్ళినవాళ్ళకి ఈ దేశం తోటలో అలంకారమైంది.

హాజెస్ ఆఖరి రోజులే నన్ను వదలవు. 1794 చివర్లో లండన్ బాండ్ స్ట్రీట్‌లో సొంతంగా ఒక ప్రదర్శన పెట్టాడు. అందులో ముఖ్యమైనవి ఒక జంట బొమ్మలు. మొదటిది శాంతి ఫలితాలు, సుఖంగా ఉన్న ఒక రేవు పట్టణం. రెండోది యుద్ధ పరిణామాలు, అదే చోటు తగలబడిపోయి, సైనికుల చేతిలో. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది. 1795 జనవరిలో రాజుగారి రెండో కొడుకు, సైన్యం నడిపే డ్యూక్ ఆఫ్ యార్క్, వచ్చి చూసి, ఇలాంటివి కిందివర్గాల మనసు చెడగొడతాయని మండిపడ్డాడు. ప్రదర్శన మూతపడింది. శిథిలానికి కారణం కాలం కాదు, మనుషులే అని మొట్టమొదటిసారి సూటిగా గీసిన బొమ్మలు అవి. ఇరవై ఏళ్ళు కోటలూ సమాధులూ వేస్తే ఎవరికీ కోపం రాలేదు.

ఆ తర్వాత హాజెస్ కుంచె వదిలేశాడు. ఉన్నవన్నీ అమ్ముకుని డార్ట్‌మత్‌లో ఒక బ్యాంకులో భాగస్వామిగా చేరాడు. 1797లో బ్యాంకు దివాలా తీసింది. ఆ మార్చిలోనే చనిపోయాడు.

ఇంకొక్క బొమ్మ ఉంది. 1840లో మెకాలే, మన చదువుల మెకాలేనే, ఇండియా నుంచి తిరిగెళ్ళిన రెండేళ్ళకి ఒక పుస్తక సమీక్షలో యథాలాపంగా ఒక ఊహ చేశాడు. ఎప్పటికో న్యూజీలాండ్ నుంచి ఒక యాత్రికుడు వచ్చి, కూలిన లండన్ బ్రిడ్జి కమాను మీద కూర్చుని, సెయింట్ పాల్స్ చర్చి శిథిలాల్ని గీసుకుంటాడని. ఆ మాట ఇంగ్లండులో జనం నోళ్ళలో నానింది. 1872లో గుస్తావ్ డోరే లండన్ మీద వేసిన బొమ్మల పుస్తకంలో దాన్ని గీశాడు. చీకటి నది, గుమ్మటం విరిగిన చర్చి, మొండిగోడల గిడ్డంగులు. ఒక గోడ మీద కమర్షియల్ వార్ఫ్ అన్న అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి. ఇవతలి ఒడ్డున విరిగిన కమాను మీద, ఒళ్ళంతా శాలువా కప్పుకున్న మనిషి ఒకడు కూర్చున్నాడు. ఒళ్ళో బొమ్మల పుస్తకం తెరిచే ఉంది.